కెప్టెన్ ఎడమచెయ్యి

ఆ శనివారం పొద్దున అచ్చుతప్పు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకల్లా "శూన్యసేన" మూడో భాగంలో మిగిలిన నలభై పేజీలూ దిద్దేయాలి. ఫైలు పబ్లిషర్ చేతికిచ్చేయాలి. పన్నెండింటికి బస్సెక్కి అక్కావాళ్ళింటికి భోజనానికి వెళ్ళాలి. మధ్యాహ్నం మూడింటికి ప్రెస్సులో యంత్రం ఖాళీ అవుతుంది, అప్పటికి పుస్తకం అక్కడుంటే చాలు. ఇందులో ఎక్కడా ఎవరి కొంపా మునిగే అవకాశం లేదు.

అచ్చుతప్పు అనేది అతని అసలు పేరు కాదని చెప్పక్కర్లేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దుతున్నాడు. చుట్టాలు శుభలేఖ ఇవ్వడానికి వస్తే, వాళ్ళు టీ తాగేలోపు పెన్సిలుతో మూడు తప్పులు చుట్టి, "మిగతావి పంచకముందు సరిచేయించండి" అని వెనక్కిచ్చే రకం. చుట్టాలు రావడం తగ్గింది గానీ పేరు మాత్రం ఉండిపోయింది.

"శూన్యసేన" రాసింది స్వయానా అతని బావ. బావ నగరపాలక కార్యాలయంలో జనన మరణాల నమోదు విభాగంలో పని చేస్తాడు. ఆ విభాగంలో కూర్చుని అంతరిక్ష యుద్ధాల నవలలు రాయడం, అవి వేలల్లో అమ్ముడవడం చూసి బంధువులంతా ముక్కున వేలేసుకున్నారు. బావ చెబుతాడు, అక్క టైపు చేస్తుంది. ఇంట్లో ఆ ఏర్పాటు అందరికీ తెలిసిందే. మొదటి భాగం వచ్చినప్పుడు అచ్చుతప్పు జీవితంలో మొదటిసారి పెన్సిలు పక్కన పెట్టి ఒక పుస్తకం చదివాడు. రెండో భాగానికైతే బావ కాళ్ళకి దణ్ణం పెట్టినంత పని చేశాడు.

మూడో భాగం నూట అరవై రెండో పేజీలో కెప్టెన్ రెండు చేతులతో తాడు పట్టుకుని శత్రువుల ఓడలోకి ఎక్కాడు. అచ్చుతప్పు పెన్సిలు ఆగిపోయింది. వరండాలోకి వెళ్ళి బావకి ఫోన్ చేశాడు.

"బావా, కెప్టెన్‌కి చెయ్యి లేదు."

"ఏ కెప్టెన్?"

"నీ కెప్టెనే. రెండో భాగం, నూట తొంభై ఎనిమిదో పేజీ. ఎడమచెయ్యి మోచేతి దాకా తెగిపోయింది. ఇప్పుడు రెండు చేతులతో తాడెక్కుతున్నాడు."

అవతల కాసేపు కాగితాల చప్పుడు వినిపించింది. "మొలిచిందనుకో."

"చెయ్యి మొలవడమేంటి బావా?"

"భవిష్యత్తు కదోయ్. వైద్యం ముందుకెళ్ళింది."

"అంత ముందుకెళ్తే ఇంజనమ్మ ఇంకా కళ్ళజోడు పెట్టుకుని తిరుగుతుందేం?"

ఇంజనమ్మ అంటే ఆ ఓడలో మెకానిక్కు. పాఠకులు ముద్దుగా పెట్టుకున్న పేరు. కెప్టెన్ కన్నా ఆమెకే అభిమానులెక్కువ.

"చూడు బామ్మర్దీ," అన్నాడు బావ ఓపికగా. "పాఠకుడికి కావాల్సింది వేగం. పక్కన ఓడ పేలిపోతుంటే చేతులు లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాడెవడు?"

"నేను."

"అందుకే నీకు ఇన్నేళ్ళయినా ప్రమోషన్ రాలేదు."

"సరే, చెయ్యి వదిలేద్దాం. సేనాపతి సంగతేంటి? రెండో భాగంలో సూర్యుడిలో పడి కాలిపోయాడు. తొమ్మిదో అధ్యాయంలో జలుబు చేసి తుమ్ముకుంటూ వచ్చాడు."

"సూర్యుడిలో పళ్ళేదు. పక్కకి పడ్డాడు."

"సూర్యుడికి పక్కేంటి బావా! రోజంతా ఎవరు పుట్టారో ఎవరు పోయారో రాసే మనిషివి, పోయినవాణ్ణి ఎలా..."

"ఆఫీసు సంగతి ఇంటికి తీసుకురాకు," అని బావ ఫోన్ పెట్టేశాడు.

అచ్చుతప్పు మర్యాదస్తుడే గానీ, సూర్యుడికి పక్క ఉందన్న మాట మింగడం అతని వల్ల కాలేదు. లోపలికొచ్చి తెల్లకాగితం తీసి జాబితా రాయడం మొదలుపెట్టాడు. చెయ్యి. సేనాపతి. రెండో భాగంలో పదకొండేళ్ళు పట్టిన ప్రయాణం ఇప్పుడు భోజనానికీ టీకీ మధ్య పూర్తవడం. అన్నిటికన్నా అతని కడుపు మండించింది ఇంజనమ్మ. ఇంజను దగ్గరికెళ్ళి, స్క్రూడ్రైవర్ మొన దానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, వింటే చాలు, ఏ ముక్క అరిగిందో చెప్పేసే మనిషి. మొదటి రెండు భాగాల్లో ఎవర్నీ సలహా అడిగి ఎరగదు. అలాంటిది ఈ మూడో భాగంలో పదిహేడుసార్లు కెప్టెన్ మొహం చూసి "ఇప్పుడేం చేద్దామండీ?" అంది.

మొత్తం నలభై ఒక్క తప్పులు తేలాయి. కోపం చల్లారక జాబితా నెత్తిన ఎర్రసిరాతో రాశాడు: "మొదటి రెండు భాగాలూ రాసిన మనిషి ఎక్కడికి పోయాడో ముందు కనుక్కోండి." భోజనాల దగ్గర బావ చేతిలో పెట్టి గాలి తీసేద్దామని అతని ఉద్దేశం. కాగితం నలగకుండా ప్రూఫులకే క్లిప్పు పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. ఫైలు అద్దాల గదిలో పబ్లిషర్ చేతిలో ఉంది. ఆయన మొహం రంగు మారుతోంది.

పబ్లిషర్‌కి పుస్తకాలు చదివే తీరిక లేదు, ఆ సంగతి ఆయనే గొప్పగా చెప్పుకుంటాడు. కానీ ఎర్రసిరా అంటే భయం. ఆ ఒక్క వాక్యం చదివి ఆయన ఒక నిర్ణయానికి వచ్చేశాడు. రచయితగారు బద్ధకించి మూడో భాగం ఎవడో అనామకుడి చేత రాయించారు! అచ్చుతప్పు తలుపు తోసుకుని వచ్చి "అది హాస్యానికి రాశానండీ" అని నోరు తెరిచేలోపే ఆయన ఫోన్ కలిపేశాడు. స్పీకరు పెట్టాడు, సాక్ష్యం ఉండాలని.

"గురువుగారూ, నాకంతా తెలిసిపోయింది. దాచి లాభం లేదు. మీకు రాసిపెడుతున్నదెవరు?"

అవతల బావ నీళ్ళు నమిలాడు. "మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెబితే ఏం? అవునా కాదా?"

"అవునండీ... మా ఆవిడే. ఇంట్లో మాట, దయచేసి బయటికి పొక్కనివ్వకండి."

పబ్లిషర్ ఫోన్ కట్ చేసి అచ్చుతప్పు వైపు చూశాడు. "మీ అక్కయ్యేనయ్యా! సొంత పెళ్ళాం చేత రాయించాడు. పద, ఆ ఫైలు తీసుకుని కారెక్కు."

దారి పొడుగునా అచ్చుతప్పు ఆ ఒక్క సంగతే ఆలోచించాడు. అక్క రాసిందా ఆ జలుబు సేనాపతిని? పాపం, బావ ఆఫీసు పనితో అలసిపోయుంటాడు, అక్క సాయం చేయబోయి ఉంటుంది, తెలియనితనం. తను మాత్రం నలభై ఒక్క తప్పులు పట్టి, పైన ఎర్రసిరాతో ఎగతాళి చేశాడు. ఓదార్పు మాటలు వెతుక్కుని వరసగా పేర్చుకున్నాడు. పబ్లిషర్ తిట్టడానికి కావాల్సిన మాటలు పేర్చుకుంటున్నాడు. ఇద్దరికీ దారి సరిపోయింది.

వాళ్ళు వెళ్ళేసరికి వంటింటి వెనక బాల్కనీలో అక్క వాషింగ్ మెషీన్ వెనకభాగం విప్పదీసి, స్క్రూడ్రైవర్ చెవికి ఆనించుకుని వింటోంది. బావ హాల్లో సోఫా అంచున కూర్చుని ఉన్నాడు. అప్పుడే ఇస్త్రీ చొక్కా వేసుకున్నట్టున్నాడు, గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నాడు.

"కూర్చోండి. బేరింగు పోయింది, ఒక్క నిమిషం," అంటూ అక్క చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

పబ్లిషర్ కూర్చోలేదు. "అమ్మా, మీరేమీ అనుకోకపోతే ఒక మాట. టైపు చేయడం వేరు, రాయడం వేరు. మీవారు నెత్తురు ధారపోసి నిలబెట్టిన పాత్రలమ్మా అవి. వంట అయ్యాక తీరిగ్గా కూర్చుని రాసేవి కావు."

అక్క పబ్లిషర్‌ని చూసింది. తర్వాత తమ్ముణ్ణి చూసింది. చివరికి మొగుణ్ణి చూసింది. బావ సీలింగ్ ఫ్యాన్ రెక్కలు లెక్కపెడుతున్నాడు.

"ఏమండీ, వీళ్ళకేం చెప్పారు?"

"నేనేం చెప్పలేదు. వాళ్ళే అనుకుంటున్నారు."

"మూడో భాగం నేను రాశానని అనుకుంటున్నారా?"

బావకి అప్పుడు అర్థమైంది, ఫోన్లో తను ఒప్పుకున్నది ఒకటి, పబ్లిషర్ విన్నది ఇంకొకటి అని. అతని మొహంలోకి కొంచెం రక్తం తిరిగొచ్చింది. సరిదిద్దడానికి అతనికి ఎంత సమయం కావాలో అంత సమయం దొరికింది. అతను గొంతు సవరించుకుని, "పోనీలే, ఇప్పుడా గొడవెందుకు? తెలియక చేసింది," అన్నాడు.

అక్క తల దించుకుని స్క్రూడ్రైవర్ మొన తుడిచింది. అది చూసి అచ్చుతప్పుకి గుండె తరుక్కుపోయింది. పేర్చుకున్న ఓదార్పు బయటికి తీశాడు.

"బాధపడకక్కా. మొదటిసారి కదా, ఎవరికైనా తప్పులొస్తాయి. బావ రాసిన మొదటి రెండు భాగాలూ ఓసారి నిదానంగా చదివుంటే..."

"ఎన్ని పట్టావు?" అంది అక్క.

"ఏంటి?"

"తప్పులు. ఎన్ని పట్టావు?"

"నలభై ఒకటి."

అక్క ఫైలు కోసం చెయ్యి చాపింది. జాబితా తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పైనుంచి కిందిదాకా చదివింది. ఎర్రసిరా వాక్యం దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగింది.

"రెండు వదిలేశావు. డెబ్భై మూడో పేజీలో ఓడకి కిటికీలున్నాయి. మొదటి భాగంలో కిటికీలు లేకపోబట్టే కదా అందరూ దారి తప్పింది. ఇంకోటి, వంటవాడు మూగవాడు. నూట ముప్ఫైలో పాట పాడాడు."

పబ్లిషర్ గుడ్లు తేలేశాడు. "తప్పులని తెలిసీ రాశారా?"

"తెలిసీ టైపు చేశాను. టైపు చేయడమే కదండీ నా పని? ఆయన ఏది రాసిస్తే అది, అక్షరం తేడా లేకుండా చేశాను."

అచ్చుతప్పు నెమ్మదిగా సోఫాలో కూర్చున్నాడు. "కెప్టెన్‌కి ఎడమచెయ్యి లేదని నీకు తెలుసా?"

"తీసేసింది నేనే కదరా."

"నువ్వా?"

"రెండు చేతులున్నంతసేపూ ఎవరి మాటా వినడు వాడు. అన్నీ తనే చేసేస్తాడు. ఇక ఇంజనమ్మకి ఓడలో పనేముంటుంది? అందుకని తీసేశాను. అదొక్కటి తీశాకే కథ కదిలింది."

ఆమె చేతిలో స్క్రూడ్రైవర్ ఇంకా అలాగే ఉంది. అచ్చుతప్పు దాన్ని చూశాడు. పెళ్ళికి ముందు అక్క ఎనిమిదేళ్ళు పంపుల ఫ్యాక్టరీలో పని చేసింది, పరీక్షల విభాగంలో. ఇలాగే ఇనపకడ్డీ చెవికి ఆనించుకుని, లోపల ఏ బేరింగు పోయిందో విని చెప్పేది. ఆ జీతంతోనే తను చదువుకున్నాడు. సెలవుల్లో ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి ఎన్నోసార్లు చూశాడు కూడా. మొదటి భాగం చదివిన రోజు ఇదే సోఫాలో కూర్చుని, "ఇంజన్ని చెవితో వినడమేంటి బావా, అసలెక్కడ పట్టావు ఈ ఆలోచన!" అని పొగిడాడు. "ఊహ బామ్మర్దీ, ఊహ!" అన్నాడు బావ. అప్పుడు టీ తెచ్చిచ్చింది అక్కే. చక్కెర సరిపోయిందా అని అడిగింది.

వేల పేజీల్లో కామా జారిపోతే పట్టుకునేవాడు, తోడబుట్టినదాన్ని రెండు భాగాల్లోనూ గుర్తుపట్టలేదు.

"కథ నాది!" బావ ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. "అంతరిక్షంలో యుద్ధం అని చెప్పిందెవరు? నేను కాదూ?"

"మీరే," అంది అక్క.

"మరి?"

"ఆ ఒక్క మాటే చెప్పారు. మిగతా ఎనిమిది వందల పేజీలూ నేను చూసుకున్నాను. మూడో భాగానికి మాత్రం ఇద్దరి పేర్లూ వేద్దామండీ అన్నాను. పాఠకులు తికమకపడతారన్నారు. సరే, మీరే రాయండి అన్నాను. రాశారు."

ఇక పబ్లిషర్ బద్దలైపోతాడనుకున్నాడు అచ్చుతప్పు. కానీ ఆయన ఇరవై ముప్ఫై ఏళ్ళుగా రచయితల్ని చూస్తున్నవాడు. కూర్చున్నాడు, చేతిగుడ్డతో మెడ తుడుచుకున్నాడు, గొంతులో తేనె పోసుకున్నాడు.

"చాలా సంతోషం తల్లీ. ఇంత ప్రతిభ ఇంట్లో ఉందని నాకేం తెలుసు? ప్రెస్సువాడితో నేను మాట్లాడుకుంటాను. పది రోజులు తీసుకుని ఇది మీ చేత్తో సరిచేసి ఇవ్వండి."

"పేరు?"

"అదేంటమ్మా... రెండు భాగాలకి ఒక రచయిత, మూడో భాగానికి ఇంకో రచయిత అంటే బాగుంటుందా? పాఠకులకి పాత్రలో నిలకడ ఉండాలి. రచయిత కూడా ఒక పాత్రే కదా! కావాలంటే మీ తమ్ముణ్ణే అడగండి, పొద్దున్నుంచీ నిలకడ నిలకడని ప్రాణం తీస్తున్నాడు."

ముగ్గురూ అచ్చుతప్పు వైపు తిరిగారు. అతనికి ఎదురుగా నెల నెలా జీతమిచ్చే మనిషి ఉన్నాడు, పక్కన బావ ఉన్నాడు, తలుపు దగ్గర అక్క ఉంది.

"అంటే... పాఠకుల వైపు నుంచి చూస్తే... పుస్తకం మీద పేరు అనేది..."

ఆ వాక్యం ఎక్కడ ముగించాలో అతనికి తెలియలేదు.

"చాల్లేరా," అంది అక్క. కోపంగా కూడా అనలేదు. జాబితాని నాలుగు మడతలు పెట్టి తన దగ్గర ఉంచుకుని, ప్రూఫుల కట్ట పబ్లిషర్ చేతిలో పెట్టింది. "మూడింటికి ప్రెస్సు కదా, వెళ్ళండి. ఇది ఇలాగే అచ్చేయండి."

"తప్పులతోనా!"

"రాసినాయన పేరు మీదే కదా వచ్చేది. రాసింది రాసినట్టుంటేనే నిలకడ."

పబ్లిషర్ గడియారం చూసుకున్నాడు, బావని చూశాడు. పాఠకుల సభకి ఆహ్వానాలు వెళ్ళిపోయాయి, గోడల మీద పోస్టర్లు పడ్డాయి. ఆయన కట్ట తీసుకుని నేరుగా ప్రెస్సుకి వెళ్ళాడు. ఆ రోజు వాళ్ళింట్లో ఎవరూ భోజనం చేయలేదు. అక్క మాత్రం చేసింది, వాషింగ్ మెషీన్ బిగించాక.

పుస్తకం వచ్చిన రెండు వారాలకి సభ. పబ్లిషర్ ఎందుకైనా మంచిదని కారు వెనక గేటు దగ్గర పెట్టించాడు. అచ్చుతప్పు చివరి వరసలో కూర్చున్నాడు. ఈసారి మైకు తన దగ్గరికి వస్తే లేచి నిజం చెప్పేయాలని గట్టిగా అనుకుని వచ్చాడు. అక్క రాలేదు.

మొదటి పాఠకుడు లేచాడు. "సార్, కెప్టెన్ ఎడమచెయ్యి!" అన్నాడు. బావ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. "అది సేనాపతి చెయ్యి, అవునా కాదా? సూర్యుడి దగ్గర తెగిన చెయ్యిని తెచ్చి ఇతనికి అతికించారు. అంటే శత్రువు ఇప్పుడు మనవాడి ఒంట్లోనే ఉన్నాడు!"

"కాదు, ఈ కెప్టెన్ అసలు కెప్టెనే కాదు, నకలు!" అని ఇంకొకతను అరిచాడు. మూగవాడి పాట మనసులో పాట అని ఒకావిడ నిరూపించింది. జలుబు సూర్యుడి వేడికి విరుగుడని ఒక డాక్టరు చెప్పాడు. గంటసేపు హాలంతా కొట్టుకుంది. బావ ఏ ప్రశ్నకీ జవాబివ్వకుండా, భయంతో బిగుసుకుపోయిన చిరునవ్వుతో, "మీరే ఆలోచించండి" అన్నాడు. ఆ మాటకి ప్రతిసారీ చప్పట్లు మోగాయి.

చివర్లో ఒక లెక్చరర్ లేచి, "నన్ను కదిలించింది ఇంజనమ్మ," అన్నాడు. "రెండు భాగాల్లో మొండిగా, ఒంటరిగా ఉన్న మనిషి. ఇప్పుడు 'ఇప్పుడేం చేద్దామండీ' అని అడగడం నేర్చుకుంది. పాత్ర ఎదగడమంటే ఇదండీ!" హాలు లేచి నిలబడింది.

మైకు నిజంగానే చివరి వరసకి వచ్చింది. అచ్చుతప్పు లేచాడు. మూడు వందల మొహాలు వెనక్కి తిరిగాయి. అతను వేదిక మీద బావని చూశాడు, పబ్లిషర్‌ని చూశాడు. "రెండు వందల నాలుగో పేజీలో పేజీ నంబరు తిరగబడింది, గమనించగలరు," అని కూర్చున్నాడు.

మూడో భాగం మొదటి రెండు భాగాల కన్నా ఎక్కువ అమ్ముడైంది. పబ్లిషర్ మర్నాడే అచ్చుతప్పుని పిలిచి, "ఇకమీదట అక్షరాలు దిద్దు చాలు, అర్థాల జోలికి పోకు," అన్నాడు. బావ నాలుగో భాగం మొదలుపెట్టాడు. అతనికిప్పుడు ఏ చెయ్యి ఎవరిదో గుర్తుంచుకోవాల్సిన అవసరం లేదు. టైపు చేయడానికి వేరే మనిషిని పెట్టుకున్నాడు, ఎందుకంటే అక్కకి తీరిక లేదు.

అక్క తన పేరు మీద తనే ఒక నవల రాసుకుంది. అంతరిక్షంలో ఒక పంపుల కర్మాగారం, అందులో చెవితో పని చేసే ఆడవాళ్ళు, వాళ్ళు ఆపేస్తే ఆగిపోయే గ్రహం. పబ్లిషర్ మొహమాటానికి మూడు వందల కాపీలు వేశాడు. ప్రూఫులు అచ్చుతప్పే చూశాడు, అడిగి మరీ తీసుకున్నాడు. ఎవరి చెయ్యి తెగినా తెగినట్టే ఉంది. చనిపోయినవాళ్ళు మర్యాదగా చనిపోయి ఉన్నారు. నాలుగు వందల పేజీల్లో అతనికి దొరికింది ఒక్క చోట వాక్యం చివర పడని చుక్క. పని అయ్యాక ఆ కట్ట ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. అక్కకి ఫోన్ చేసి ఏదో చెప్పాలనుకుని, చుక్క సంగతి చెప్పాడు.

నాలుగు నెలల తర్వాత ఆ పుస్తకానికి ఒక వారపత్రికలో సమీక్ష వచ్చింది, ఒకే ఒక్కటి. పాత్రలు నిలకడగా ఉన్నాయి, కథ లెక్క తప్పలేదు, కానీ సొంత గొంతు లేదు, "శూన్యసేన" నీడలోంచి బయటికి రాలేకపోయింది అని రాశాడు సమీక్షకుడు. చివరి వాక్యం ఇది: "రచయిత్రి తన భర్త పుస్తకాలను చాలా శ్రద్ధగా చదివినట్టు కనిపిస్తోంది."

అచ్చుతప్పు ఆ వాక్యాన్ని పెన్సిలు పట్టుకుని మూడుసార్లు చదివాడు. అందులో దిద్దడానికి అక్షరదోషం ఒక్కటీ లేదు.